విండో రీడ్రా టాపిక్ నాకు ఎలా ఎక్కిందంటే

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కంప్యూటర్ సైన్స్ పుస్తకాలేమో ఇంగ్లిష్. లెక్చరర్ పోస్టుకు చదువుతున్న మీకు విండో రీడ్రా, అంటే తెర మీది విండోను తిరిగి గీయడం, ఈ ఒక్క టాపిక్ గురించే చెప్తాను. మొదటి ఇంటర్వ్యూలో నేను బోల్తా పడింది దీని దగ్గరే.

ఇంటర్వ్యూ చేసే సర్ అడిగింది ఇదీ: కంప్యూటర్ తెర మీద ఒక విండో మీదికి ఇంకోటి వచ్చింది. పైది తీసేస్తే కింద దాగిన బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? "అక్కడే ఉంటుంది కదా సర్" అన్నాను, బల్ల మీద కాగితాలు పేర్చినట్టు ఊహించుకుని. ఆయన చిన్నగా నవ్వి వేరే ప్రశ్నకు వెళ్లిపోయారు.

ఇంటికొచ్చాక మా చిన్నప్పటి బడి గుర్తొచ్చింది. రెండు తరగతులకు ఒకటే గది, ఒకటే బోర్డు. ఐదో తరగతి సార్ లెక్క పెద్దదైతే మా సగంలోకి వచ్చేసేవారు, మా పాఠం తుడుచుకుపోయేది. ఆయన పని అయ్యాక మా మాస్టారు పుస్తకం చూసి ఆ మూల వరకే మళ్లీ రాసేవారు. 1984లో ఎంఐటీలో మొదలైన, యూనిక్స్ మెషీన్లలో విండోలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ పద్ధతీ ఇంతే. దాగిన బొమ్మను భద్రంగా ఉంచుతానని సర్వర్, అంటే అందులో తెరను నడిపే ప్రోగ్రామ్, మాటివ్వదు. బయటపడిన జాగా ఎంతో చెప్తూ ఎక్స్‌పోజ్ ఈవెంట్ అనే కబురు పంపుతుంది, గీసుకోవాల్సింది అప్లికేషనే.

నిర్వచనాలు బట్టీ పట్టడం మానేసి నోట్‌బుక్‌లో రెండు డబ్బాలు గీశాను. పైదాన్ని ఐమూలగా కొంచెం జరిపితే బయటపడేది ఇంగ్లిష్ ఎల్ ఆకారం. దాన్ని రెండు దీర్ఘచతురస్రాలుగా కోస్తే రెండు ఈవెంట్లు: మొదటిదానిలో కౌంట్ 1, రెండోదానిలో 0. వెనక ఇంకా ఎన్ని వస్తున్నాయో చెప్పే అంకె అది. సున్నా వచ్చేదాకా ఆగి ఒకేసారి గీస్తే సరిపోతుంది. ఈ బొమ్మ ఒక్కసారి చేత్తో వేయండి, ఇక మర్చిపోరు.

విండోస్‌లో ఈ పని పెయింట్ మెసేజ్‌ది. క్యూలో వేరే పని లేనప్పుడే అది వస్తుంది. మా నెట్ సెంటర్‌లో పాత ఎక్స్‌పీ మెషీన్ ఉండేది. బిగుసుకుపోయిన ప్రోగ్రామ్ మీద కాలిక్యులేటర్ లాగితే పేకముక్కలు పరిచినట్టు వరసగా దాని బొమ్మలే మిగిలిపోయేవి. పాడైంది తెర అనుకునేవాణ్ని. తిరిగి గీయాల్సినవాడు పలకడం లేదని ఇప్పుడు తెలిసింది.

నేను బాగా తికమకపడింది బ్యాకింగ్ స్టోర్, సేవ్ అండర్ దగ్గర. మొదటిది విండో తన సొంత దాగిన భాగాన్ని దాయించుకోవడం. రెండోది మెనూలాంటిది కాసేపు కనబడి పోయేటప్పుడు, తన కింద ఉన్న ఇతరుల బొమ్మను దాయించడం. ఎక్స్‌లో రెండూ విన్నపాలే, సర్వర్ కాదనొచ్చు. కారణం మెమరీ: 1024×768 తెర, పిక్సెల్‌కు 4 బైట్లు అంటే ఒక్క ఫుల్ స్క్రీన్ విండోకే 3 ఎంబీ. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు.

తమాషా ఏంటంటే, 2001లో మ్యాక్ ఓఎస్ టెన్, తర్వాత విండోస్ విస్టా కంపోజిటర్‌తో (విండోల బొమ్మలన్నీ కలిపి తెర మీద చూపే భాగం) వచ్చాక ప్రతి విండోకూ సొంత మెమరీ ఉంటోంది. అంటే నా కాగితాల జవాబు వీటికి దాదాపు సరిపోతుంది!

రెండో ఇంటర్వ్యూలోనూ ఇదే ప్రశ్న పడింది. "కంపోజిటర్ ఉన్న సిస్టమా, లేనిదా సర్?" అని అడిగాను. ఈసారి ఆయన టాపిక్ మార్చలేదు. "ఉందనుకో, విండో సైజు పెంచితే?" అన్నారు. పెరిగిన మేర ఎవరి దగ్గరా దాచిన బొమ్మ లేదు, అప్లికేషన్ గీయాల్సిందే అన్నాను.