డర్బన్ నుంచి వచ్చిన కాగితం: పుచ్చూర్ ఎక్కడుంది?

పోయిన వేసవిలో డర్బన్‌లో ఉండే ఒకాయన వాట్సాప్‌లో ఫోటో పెట్టి, మా ముత్తాతది మీ వైపు ఊరేనట, పట్టుకోగలరా అని అడిగాడు. ఆయనకి తెలుగు రాదు, ఇంట్లో రామభజన పాటలు మాత్రం మిగిలాయట. ఫోటోలో ఉన్నది 1890 నాటి ఓడ జాబితాలో ఒక వరస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు 22, కులం మాల, జిల్లా ‘కిస్ట్నా’, తాలూకా దగ్గర సిరా ఒలికింది, ఊరు ‘పుచ్చూర్’, చివర్లో ఒంటిమీద గుర్తు, ఎడమ మోకాలి కింద మచ్చ. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న నాటాల్‌కి వెళ్ళిన లక్షన్నర మందికి పైగా కూలీల్లో ఒకడు.

కిస్ట్నా అంటే కృష్ణే కదా అని గుంటూరులో కూర్చుని రెండు వారాలు బెజవాడ, బందరు వైపు ఊళ్ళన్నీ వెతికా. దొరికితేగా! తర్వాత తెలిసింది, 1859లో గుంటూరు జిల్లాని ఎత్తేశారు, మళ్ళీ 1904లో గానీ ఇవ్వలేదు, అంటే 1890లో మనమూ కృష్ణా జిల్లానే. అప్పుడు తట్టింది పర్చూరు. అది అప్పట్లో బాపట్ల తాలూకా, 1970లో ప్రకాశంలోకి పోయింది, 2022 నుంచి బాపట్ల జిల్లా.

ఒక రెవెన్యూ ఆఫీసులో పాత డైగ్లాట్, అంటే పాతకాలం భూముల రిజిస్టరు, చూపించమని మూడుసార్లు తిరిగా. మూడోసారి గుమస్తా, "ఇందులో పొలం ఉన్నోళ్ళ పేర్లే ఉంటాయి సార్, పొలం ఉంటే ఆయన ఓడెందుకు ఎక్కుతాడు?" అన్నాడు. సిగ్గేసింది, కులం గడి చూసినప్పుడే నాకు అర్థం కావాల్సింది.

ఆ రాత్రి తోతారాం సనాఢ్య పుస్తకం మళ్ళీ తీశా. 1893లో ఫిజీకి కూలీగా వెళ్ళి, 21 ఏళ్ళకి తిరిగొచ్చి, 1914లో హిందీలో అచ్చేసిన కథ. మేజిస్ట్రేట్ అడిగితే అవునని మాత్రం చెప్పమని ఏజెంటు నేర్పుతాడు, అందరూ అవునంటారు, 20 నిమిషాల్లో 165 మంది రిజిస్ట్రేషన్ అయిపోతుంది. లెక్కేశా, మనిషికి ఏడు సెకన్లు. ఇక్కడా అదే వేగమైతే పర్చూరు పుచ్చూర్ కాక ఏమవుతుంది?

పర్చూరు వెళ్ళా. వంశం ఆనవాలు ఏమీ దొరకలేదు, ఉన్న పేరు సుబ్బయ్యో సుబ్బన్నో కూడా తేలలేదాయె. అరుగు మీద కూర్చున్న ముసలామెకి ఊరికే ఆ మచ్చ సంగతి చెప్పా. "ఎడం కాలా? కోతల్లో కొడవలి జారిందయ్యా, కుడిచేతి వాటం వాళ్ళకి అక్కడే తగులుద్ది," అని చీర కాస్త పైకి లాగి తన మచ్చ చూపించింది. సరిగ్గా మోకాలి కింద, వేలెడు పొడుగు.

డర్బన్ ఆయనకి అదొక్కటే రాసి పంపా. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వాళ్ళావిడ వైపు కాగితం ఫోటో వచ్చింది, జిల్లా గోదావరి, ఊరి పేరున్న చోట చెదలు కొట్టేసి ఉంది.