లైబ్రరీని మల్టీఆర్చ్‌కు మార్చిన నా అనుభవం

లినక్స్ పంపిణీ అయిన డెబియన్‌లో నేను చూసుకునే ప్యాకేజీల్లో ఒక సి లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే సి భాషా కోడ్) ఉంది. ఏఎండీ64 (మామూలు 64 బిట్ పీసీ) కంప్యూటర్ ముందు కూర్చుని ఆర్మ్64 (64 బిట్ ఆర్మ్ ప్రాసెసర్) బోర్డులకు ప్రోగ్రాములు కంపైల్ చేసేవాళ్లకు అది కొరకరాని కొయ్యగా ఉండేది. ఏ ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) ప్రతి అయినా యూఎస్‌ఆర్ కింది లిబ్ డైరెక్టరీలోకే వెళ్లేది కాబట్టి ఒకటి ఉన్నచోట రెండోదానికి చోటు లేదు.

ఫెడోరాలో మాదిరి లిబ్, లిబ్64 అని విడదీస్తే ఒకే ప్రాసెసర్ కుటుంబంలోని 32, 64 బిట్లకు సరిపోతుంది. ఏఎండీ64, ఆర్మ్64 రెండూ 64 బిట్లే అయినప్పుడు ఆ విభజన దేనికీ పనికిరాదు. 2013లో వచ్చిన డెబియన్ 7 నుంచి వాడుకలో ఉన్న మల్టీఆర్చ్ పద్ధతిలో ప్రతి ఏబీఐకీ (కంపైల్ అయిన కోడ్ ముక్కలు ఒకదాన్నొకటి పిలుచుకునే నియమాలు) సొంత డైరెక్టరీ ఉంటుంది: ఎక్స్86_64-లినక్స్-గ్నూ, ఏఆర్చ్64-లినక్స్-గ్నూ, ఇలా. ఒకే ఆర్మ్ ప్రాసెసర్ మీద నడిచే ఆర్మెల్, ఆర్మ్‌హెచ్‌ఎఫ్‌లకు కూడా వేరు డైరెక్టరీలే. ఫ్లోటింగ్ పాయింట్ విలువలను ఫంక్షన్లకు అందించే తీరు వేరు కనుక. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది, సొంత యంత్రంలో ఉన్నా పరాయి యంత్రంలో ఉన్నా లైబ్రరీ చిరునామా మారకపోవడం.

లైబ్రరీ ఫైళ్లను తరలించడం తేలిక. ప్యాకేజీలు కట్టే సాధనం డెబ్‌హెల్పర్, దాని కంపాట్ స్థాయి 9 నుంచి, కొత్త దారిని బిల్డును సిద్ధం చేసే కన్ఫిగర్ స్క్రిప్టుకు తానే చెబుతుంది. ఇన్‌స్టాల్ ఫైల్లో లిబ్ తర్వాత ఒక నక్షత్రం గుర్తు చేర్చితే చాలు.

అసలు పని మిగతా ఫైళ్ల దగ్గర పడింది. ప్యాకేజీకి ‘మల్టీ-ఆర్చ్: సేమ్’ (వేర్వేరు ఆర్కిటెక్చర్ల ప్రతులు పక్కపక్కనే ఉండొచ్చు) అని రాశామంటే, అన్ని ఆర్కిటెక్చర్లూ ఒకే దారిలో పెట్టే ఫైలు ప్రతి బైటూ ఒకటే ఉండాలి. లేకపోతే ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. మా హెడర్లలో (లైబ్రరీని వాడే కోడ్ చేర్చుకునే ఫైళ్లు) ఒకదానిలో లాంగ్ టైపు పరిమాణాన్ని కన్ఫిగర్ రాసి పెడుతోంది: ఏఎండీ64లో 8 బైట్లు, 32 బిట్ పీసీల ఐ386లో 4. ఆ ఒక్క హెడర్‌ను ఇంక్లూడ్ కింద ఆర్కిటెక్చర్ పేరుతో ఉండే డైరెక్టరీలోకి పంపాను. కంపైలర్ జీసీసీ అక్కడ తనంతట తానే వెతుకుతుంది. బిన్‌లో ఉన్న కన్ఫిగ్ స్క్రిప్టు, ఆర్కిటెక్చర్‌ను బట్టి మారే లైబ్రరీ దారిని ముద్రించేది, అందుకే దాన్ని తీసేసి, అదే సమాచారం చెప్పే పీకేజీ-కన్ఫిగ్ ఫైలు ఇచ్చాను. ప్లగిన్ల దారి కోడ్‌లోనే మార్చడానికి వీల్లేకుండా రాసి ఉంటే, బిల్డ్ సమయంలో తీసుకునేలా ప్యాచ్ రాసి మూల రచయితలకు పంపాను. దాన్ని వాళ్లు తీసుకోవడం నిజంగా సంతోషం కలిగించింది, ఎందుకంటే ఇలాంటి మార్పు పంపిణీలోనే మిగిలిపోతే ప్రతి కొత్త వెర్షన్‌కూ మళ్లీ సరిచూసుకోవాలి.

చివరిదాకా సతాయించింది డాక్యుమెంటేషన్. కుదించిన ఒక ఉదాహరణ ఫైల్లో, కుదించే సాధనం జీజిప్ పెట్టే టైమ్‌స్టాంప్ దూరి బిల్డుకో రకంగా వస్తోంది. దానికి ‘-ఎన్’ ఆప్షన్ సరిపోయింది. హెచ్‌టీఎంఎల్ పుటల్లో మాత్రం తయారైన తేదీ ఉంటోంది. వాటిని ‘ఆర్కిటెక్చర్: ఆల్’ (అన్ని ఆర్కిటెక్చర్లకూ ఒకే ప్రతి) అన్న విడి ప్యాకేజీలోకి మార్చాక, ఏఎండీ64 పక్కనే ఆర్మ్64, ఐ386 డెవ్ (హెడర్లు ఉండే) ప్యాకేజీలు కూడా ఏ అభ్యంతరం లేకుండా ఇన్‌స్టాల్ అయ్యాయి.