కొత్త ఆఫీసుకి కేబులింగ్ చేయించాను: నా అనుభవం

విజయవాడలో మా ఆఫీసు గవర్నర్‌పేట నుంచి బెంజ్ సర్కిల్ దగ్గర కొత్త ఫ్లోర్‌కి మారింది. ఇంటీరియర్ పనులన్నీ మా సారే చూసుకుంటూ, "ఆ నెట్ వైర్ల సంగతి నువ్వు చూడమ్మా" అని కేబులింగ్ నాకు అప్పజెప్పారు. నేను చేసేది అకౌంట్స్. బిల్లులో ఒక లైను అర్థం కాకపోతే పాస్ చేయబుద్ధి కాదు. ఈ పనిలో నాకు అక్కరకొచ్చింది ఆ అలవాటే.

కొటేషన్లు తెప్పిస్తే ఒకరు పాయింటుకింత (అంటే కేబుల్ చేరే ఒక్కో చోటికి) అన్నారు, ఒకరు మీటరు లెక్క చెప్పారు, ఇంకొకరు మొత్తం గుత్త అన్నారు. వీటిని పక్కపక్కన పెట్టి పోల్చేదెలా? అందుకే ముందు నేనే ఒక షీటు తయారుచేశాను. ఏ సీటుకి ఎన్ని పాయింట్లు, ప్రింటర్లు ఎక్కడ, సీలింగ్‌లో వైఫై డబ్బాలు ఎక్కడ, కెమెరాలు, బయోమెట్రిక్ ఎక్కడ అని అందులో రాసి, అందరినీ అదే షీటు మీద రేటు వేయమన్నాను. అప్పుడు గానీ ఎవరిది ఎక్కువో ఎవరిది తక్కువో తేలలేదు.

అందరికంటే తక్కువ వేసినాయన "క్యాట్ 6 కేబుల్" అని (నెట్ కేబుళ్లలో అదొక రకం) రాసి ఊరుకున్నారు, ఏ కంపెనీదో లేదు. శాంపిల్ ముక్క తెమ్మన్నాను. పక్క ఆఫీసులో సిస్టమ్స్ చూసే కుర్రాడు దాన్ని తీసుకుని, పైతొడుగు ఒలిచి, ఒక తీగను బ్లేడుతో గీకాడు. ఎర్రటి రంగు లేచిపోయి లోపల తెల్లగా కనిపించింది. "అల్యూమినియం అక్కా, పైన రాగి పూత" అన్నాడు. కెమెరాలకీ వైఫై డబ్బాలకీ కరెంటు కూడా ఈ కేబుల్లోంచే పోతుంది కదా. రాగి కంటే అల్యూమినియానికి రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి తీగ వేడెక్కుతుంది, దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. పైగా నాలుగుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. ఇలాంటివాటిని క్యాట్ 6 అనడమే తప్పట, ఆ స్టాండర్డ్ ప్రకారం తీగ మొత్తం రాగే ఉండాలి. పర్చేజ్ ఆర్డర్‌లో "పూర్తి రాగి, 23 గేజ్, 305 మీటర్ల సీలు బాక్స్, సీలు మా ఎదురుగానే తీయాలి" అని రాయించాను.

ఇంకొకాయన అంతకంటే పై రకం, క్యాట్ 6ఏ వేయించుకోండని పట్టుబట్టారు. క్యాట్ 6 మీద 100 మీటర్ల వరకు 1 గిగాబిట్ స్పీడు వస్తుంది, పరిస్థితులు బాగుంటే 55 మీటర్ల వరకు 10 గిగాబిట్ కూడా లాగుతుంది. మా హాల్లో అతి పొడుగు లైను కూడా అందులో సగానికి రాదు. అనవసరపు ఖర్చెందుకని వద్దన్నాను.

కేబుళ్లన్నీ వచ్చి చేరే ర్యాక్‌ని ప్యాంట్రీలో సింక్ పక్కన పెడతామన్నారు. ఒప్పుకోలేదు, రికార్డు రూమ్‌కి మార్పించాను.

అసలు టెన్షన్ ఫాల్స్ సీలింగ్ వాళ్లతో. జిప్సం బోర్డు ఎక్కేలోపు పైపులు, కేబుళ్లు అయిపోవాలి, ఆ తర్వాత పైన ఏముందో కనపడదు. ఎలక్ట్రీషియనేమో "రెండూ ఒకే పైపులో లాగేద్దాం మేడం, గోడ మళ్లీ కొట్టక్కర్లేదు" అన్నాడు. కరెంటు వైరు, డేటా కేబులు ఒకే పైపులో కుదరవు. అది సిగ్నల్‌కీ మంచిది కాదు, మనుషులకీ మంచిది కాదు. విడిగా వేయించాను, ఆయన రెండ్రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఆ తర్వాత పెయింటర్లొచ్చి గోడలో సాకెట్ల వెనక ఉండే బ్యాక్ బాక్సుల్లో పుట్టీ నింపేశారు, అది వేరే కథ.

పని అయ్యాక కాంట్రాక్టర్ కుర్రాడు చిన్న టెస్టర్ తెచ్చి పెట్టాడు. కేబుల్లో ఉండేవి ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు; తీగకొకటి చొప్పున దాని మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరుసగా వెలుగుతాయి. ఒక పాయింట్‌లో ఏడు, ఎనిమిది వెలగలేదు. "అయినా నెట్ వస్తుంది మేడం" అన్నాడు. వస్తుంది, నిజమే. కాకపోతే నాలుగు జతలూ ఉంటేనే గిగాబిట్, లేకపోతే 100 మెగాబిట్లకి దిగిపోతుంది. వాడే మనిషికి తెలిసేది "సిస్టమ్ స్లో" అని మాత్రమే.

ఆర్డర్‌లో ప్రతి పాయింటుకీ ఫ్లూక్ మెషీన్ (కేబుల్‌ని పూర్తిగా కొలిచి పాసో ఫెయిలో చెప్పేది) రిపోర్టు ఇవ్వాలని ఉంది. మెషీన్ అద్దె ఎక్కువని గొణిగినా తెచ్చారు. ఏడు, ఎనిమిది లైట్లు వెలగని ఆ పాయింట్‌కి పెడితే ఎన్ని మీటర్ల దూరంలో తెగిందో స్క్రీన్ మీద చూపించింది. ఆ చోట సీలింగ్ ప్యానెల్ తీస్తే పార్టిషన్ వాళ్లు బిగించిన స్క్రూ సరిగ్గా కేబుల్లో దిగి ఉంది!

కెమెరా లైన్ల సంగతి ఇంకా వింత. చిన్న టెస్టర్‌లో అన్నీ పాస్, ఫ్లూక్‌లో ఫెయిల్. క్రింపింగ్ చేసిన, అంటే కేబుల్ చివర ప్లగ్గులు బిగించిన కుర్రాడు రంగులు జతలు జతలుగా వరుసలో పెట్టేశాడు, ఆరెంజ్, గ్రీన్, బ్లూ, బ్రౌన్ అని. రెండు చివర్లా అలాగే పెట్టాడు కాబట్టి లైట్లు సరిగ్గానే వెలుగుతాయి. కానీ 3, 6 పిన్నులకి ఒకే జత పోవాలి. ఇక్కడ గ్రీన్ జతలోంచి ఒకటి, బ్లూ జతలోంచి ఒకటి పోయాయి. తీగలు మెలేసి ఉండేదే ఒకదాని సిగ్నల్ ఇంకోదాన్ని చెడగొట్టకుండా. వేర్వేరు జతల్లోంచి తీస్తే ఆ మెలిక ఉన్నా లేనట్టే. అన్నీ కోయించి, తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, బ్లూ, తెలుపు-బ్లూ, గ్రీన్, తెలుపు-బ్రౌన్, బ్రౌన్ వరుసలో మళ్లీ కొట్టించాను. సీట్ల దగ్గర కొన్ని జాక్‌లలో (సాకెట్లలో) తీగల మెలిక బాగా విప్పేశారు. 13 మిల్లీమీటర్లకి మించి విప్పకూడదట. అవీ మళ్లీ పంచ్ చేస్తే, అంటే తీగలు జాక్‌లో నొక్కి బిగిస్తే పాసయ్యాయి.

25 ఏళ్ల వారంటీ గురించి అడిగాను. కేబుల్, జాక్, ర్యాక్‌లో కేబుళ్లు బిగించే ప్యానెల్ అన్నీ ఒకే కంపెనీవై, వాళ్లు గుర్తించిన ఇన్‌స్టాలరే వేసి, ఈ రిపోర్టులు కంపెనీకి పంపితేనే అది వస్తుందట. మా కాంట్రాక్టర్‌కి ఆ గుర్తింపు లేదు, ఏడాది గ్యారంటీ కాగితం మీద రాసిచ్చారు.

రిపోర్టుల పీడీఎఫ్ మెయిల్లోకి వచ్చి, పాయింట్ల నంబర్లున్న లేఔట్ ర్యాక్ తలుపు లోపల అతికించాకే ఆఖరి బిల్లు పాస్ చేశాను. మా సార్ మాత్రం పక్క ఆఫీసుకంటే ఎక్కువ పెట్టామని ఇప్పటికీ అంటూనే ఉంటారు.