వైర్ లేని ఛార్జింగ్‌కు పోయి కారునే పడుకోబెట్టాను

సంక్రాంతికి ఒంగోలు వెళ్లి పది రోజుల తర్వాత బెంగళూరు వచ్చాం. సోమవారం ఉదయం ఏడున్నరకు బేస్‌మెంట్‌లోకి దిగి, మా ఎలక్ట్రిక్ కారు హ్యాండిల్ మీది బటన్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ నొక్కాను. కీలో బటన్ నొక్కాను. లైట్లు కూడా మిణుకుమనలేదు. ఊరెళ్లే ముందు బ్యాటరీ 82 శాతం చూసి మరీ వెళ్లాను. తాళంచెవి లోపల దాచి ఉండే చిన్న లోహపు కీ బయటికి లాగి, డ్రైవర్ వైపు తలుపు తెరిచాను. మూడేళ్లలో ఆ కీ వాడడం అదే మొదటిసారి. లోపల చీకటి. స్టార్ట్ బటన్ నొక్కితే రోజూ సీటు కింద నుంచి వినిపించే ‘టక్’ అనే చప్పుడు రాలేదు.

దీనికంతటికీ కారణం ఫోన్‌ను వైర్ లేకుండా ఛార్జ్ చేసే 2,800 రూపాయల ప్యాడ్. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

మాది ఎలక్ట్రిక్ కారే గానీ కింది వేరియంట్. పై వేరియంట్‌లో ఫోన్‌కి వైర్‌లెస్ ఛార్జర్ కంపెనీ నుంచే వస్తుంది. కొనేటప్పుడు “ఫోన్ ఛార్జర్ కోసం లక్ష ఎక్కువ పెడతామా?” అని మా ఆయనా నేనూ ఒకే మాట మీద ఉన్నాం. అయితే రామ్మూర్తి నగర్ నుంచి బెళ్ళందూరు ఆఫీసుకు వెళ్లేది నేను. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఇరవై నిమిషాలు, అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇంకో గంట. మ్యాప్స్ నడుస్తుంటుంది, పాటలు నడుస్తుంటాయి, ఫోన్ నుంచి కారు స్క్రీన్‌కు అంతా వైఫై మీదే పోతుంటుంది. ఆఫీసుకు చేరేసరికి ఫోన్ సగానికి సగం దిగిపోయేది. వైర్ పెడితే అది గేర్ నాబ్‌కు చుట్టుకునేది.

మొదట ఆన్‌లైన్‌లో పన్నెండు వందలు పెట్టి ఒక ప్యాడ్ తెప్పించాను. పెట్టె మీద ‘క్యూ ఐ’ అని ఇంగ్లిషు అక్షరాల్లో గుర్తు ఉంది. అది చైనా మాట, ‘చీ’ అని పలకాలి, శక్తి అని అర్థం. 2008లో మొదలైన వైర్‌లెస్ పవర్ కన్సార్షియం అనే సంస్థ ఈ ప్రమాణానికి ఆ పేరు పెట్టింది. ఆ గుర్తున్న ప్యాడ్ మీద ఆ గుర్తున్న ఏ కంపెనీ ఫోనైనా ఎక్కుతుంది. ఇదంతా మా అత్తగారికి చెబితే, “అంత డబ్బు పెట్టి ఛీ అనిపించుకోవడం దేనికే?” అన్నారు. ఆవిడ నోట ఏ ముహూర్తాన వచ్చిందో గానీ ఆ ప్యాడ్ అలాగే తయారైంది.

దాన్ని కారులో ఉన్న యూఎస్‌బీ పోర్ట్‌కు తగిలించాను. ఇంటి దగ్గర 61 శాతంతో బయల్దేరితే ఆఫీసు దగ్గర 63. తప్పు ప్యాడ్‌ది కాదని తర్వాత తెలిసింది. మా కారు యూఎస్‌బీ పోర్ట్ పెన్‌డ్రైవ్‌లో పాటలు వినడానికి పెట్టింది, దాంట్లోంచి వచ్చేది 5 వోల్టులే. ప్యాడ్ 15 వాట్లు ఇవ్వాలంటే దానికి 9 వోల్టులు, 2 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. అది లేకపోతే 5 వాట్లతో సరిపెట్టుకుంటుంది. ఆ ఐదు వాట్లను మ్యాప్సే తాగేస్తుంది. సరే అని 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే మంచి అడాప్టర్ కొన్నాను. ఈసారి ఛార్జింగ్ బాగానే ఎక్కింది, కానీ ప్రతి హంప్‌కూ ఫోన్ అంగుళం పక్కకు జరిగేది. ప్యాడ్‌లో ఒక తీగచుట్ట, ఫోన్ వెనక ఒక తీగచుట్ట ఉంటాయి. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటేనే పని జరుగుతుంది. కాస్త జరిగితే ఛార్జింగ్ తగ్గి వేడి పెరుగుతుంది. 2020లో ఐఫోన్ 12తో వచ్చిన అయస్కాంతాల పద్ధతి ఈ ఇబ్బందికి మందే. 2023లో వచ్చిన ‘చీ 2’ ప్రమాణంలో కూడా అదే చేర్చారు. నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ అయస్కాంతాలు లేవు.

అప్పుడు పట్టింది జేసీ రోడ్డు పిచ్చి.

బెంగళూరులో కారుకు ఏ అలంకారం కావాలన్నా జేసీ రోడ్డే. సీటు కవర్లు, హారన్లు, స్టీరియోలు, స్క్రీన్లు అన్నీ అక్కడే. అక్కడొక షాపులో మా కారు ట్రేకి అతికినట్టు సరిపోయే ప్యాడ్ దొరికింది. ఫోన్ జారకుండా చుట్టూ గట్టు, లోపల మూడు తీగచుట్టలు, కింద చిన్న ఫ్యాను, అంచు చుట్టూ నీలం లైటు. నిజం చెప్పొద్దూ, ఆ నీలం లైటుకే పడిపోయాను. బిగించే కుర్రాడు ముళబాగిలు వైపువాడు, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడుతున్నాడు.

“వైర్ కట్ చేస్తావా తమ్ముడూ? వారంటీ పోతుందంటారే?”

“ఏనూ ఆగల్ల మేడమ్, ఏమీ కాదు. కటింగే లేదు. కప్లర్ టు కప్లర్. టెన్షన్ వద్దు మీకు.”

నా టెన్షన్ అంతా వైరు కత్తిరింపు గురించే. కప్లర్ అంటే వైర్ల చివర ఒకదానిలో ఒకటి దూర్చే ప్లగ్గు, ఆ మాట అనగానే ప్రాణం కుదుటపడింది. ఆ కప్లర్‌ను ఏ లైనులో పెడుతున్నాడో అడగాలని తట్టలేదు. పదిహేను నిమిషాల్లో బిగించేశాడు. ప్యాడ్‌కు 2,800, కూలి 400. ఇంటికొచ్చి కారు లాక్ చేసి వెనక్కి చూస్తే చీకట్లో నీలం లైటు అలాగే వెలుగుతోంది. “చూడండి, ఎంత బాగుందో” అని మా ఆయనకు చూపించాను కూడా. ఆ క్షణంలోనే అనుమానం రావాల్సింది.

మధ్యలో రెండు చిన్న ముచ్చట్లు. ఒకటి తాళంచెవిది. కీని ప్యాడ్ పక్కనున్న కప్పు గుంటలో పెట్టడం నాకు అలవాటు. ప్యాడ్ మీద ఫోన్ ఉన్నప్పుడు స్టార్ట్ నొక్కితే, కీ కారులో లేదని స్క్రీన్ మీద వచ్చేది. కీ నా కళ్లముందే ఉంది! మన కీ కోసం కారు వెతికే సంకేతం 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ప్యాడ్ పనిచేసేది 100 నుంచి 200 మధ్య. పెళ్లి బ్యాండు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడితే అవతలివాళ్లకు ఏం వినబడుతుంది? కీని హ్యాండ్‌బ్యాగులోకి మార్చాను, ఆ గొడవ పోయింది. రెండోది మెట్రో కార్డు. ఫోన్ కవర్ వెనక అరలో పెట్టుకుని తిరిగేదాన్ని. ఒకరోజు కేఆర్ పురం స్టేషన్లో గేటు దగ్గర ఎంత రుద్దినా తెరుచుకోలేదు, వెనక క్యూ అంతా నన్నే చూస్తోంది. కార్డులో ఉండే సన్నటి తీగ, చిప్ కూడా ప్యాడ్ పంపే శక్తిని పట్టుకుంటాయి, అవి అంత శక్తికి తట్టుకోలేవు. కొత్త కార్డు కొనుక్కున్నాను. ప్యాడ్ మీద నాణెం వదిలేసినా ఇంతే, ఇండక్షన్ స్టవ్ మీద గరిటె పెట్టినట్టు కాలుతుంది. మంచి ప్యాడ్ అయితే పసిగట్టి ఆగిపోతుంది. మాది ఎర్రలైటు వేసి ఆగింది, అంతవరకూ మంచిదే.

ఇక ఆ సోమవారం. కింది ఫ్లోర్ అంకుల్ పాల ప్యాకెట్లతో వస్తూ బానెట్ ఎత్తి నిలబడ్డ నన్ను చూశారు.

“ఏమ్మా, కరెంటు కారుకు కరెంటు లేదా?”

“82 ఉందంకుల్. అయినా లేవడం లేదు.”

ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీలు రెండు. చక్రాలు తిప్పేది వందల వోల్టుల పెద్దది. లైట్లు, తాళాలు, స్క్రీన్, కారు కంప్యూటర్లు నడిపేది మామూలు కార్లలో ఉండే 12 వోల్టులదే. పెద్ద బ్యాటరీలోంచి కరెంటు బయటికి రావాలంటే కాంటాక్టర్లనే పెద్ద స్విచ్చులు మూసుకోవాలి. నేను రోజూ వినే ‘టక్’ అదే. వాటిని మూయించే బలం మాత్రం 12 వోల్టుల బ్యాటరీది. అది చస్తే, గాదె నిండా ధాన్యం ఉన్నా గాదె తాళంచెవి బావిలో పడినట్టే.

అంకుల్ పాత పెట్రోలు కారును తీసుకొచ్చి పక్కన పెట్టారు. అలా ఇంకో కారు నుంచి 12 వోల్టులు అందుకోవచ్చని మా మాన్యువల్లో ఉంది. మన కారు నుంచి ఇంకొకరికి ఇవ్వకూడదనీ ఉంది. కేబుళ్లు తగిలించి బ్రేకు తొక్కి స్టార్ట్ నొక్కాను. టక్. “పెట్రోలు పోస్తే గానీ లేవలేదన్నమాట మీ కారు” అని అంకుల్ నవ్వుకుంటూ వెళ్లారు. ఆ మాట అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ తిరుగుతోంది. గంటన్నర కారును ‘రెడీ’లోనే, అంటే కదలకుండా ఆన్‌లోనే ఉంచాను. అలా ఉంచితే పెద్ద బ్యాటరీయే చిన్నదాన్ని నింపుతుంది.

బ్యాటరీ పాతబడింది, మార్చాలేమో అని మా ఆయన. మూడేళ్లదే కదా అని నేను. ఆ సాయంత్రం మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. హిందూపురం వైపాయన, అరవై దాటి ఉంటాయి. కారు లాక్ చేయమన్నారు. చేశాను. లోపల నీలం లైటు వెలుగుతోంది. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు.

“ఇదెవరమ్మా పెట్టింది?”

“జేసీ రోడ్డులో అన్నా.”

“డైరెక్ట్ లైన్లో ఇచ్చినాడు. లాక్ చేసినా దీంట్లో కరెంటు ఆగదు.”

కానీ వెంటనే చెయ్యి పెట్టలేదు. “ఈ కార్లు లాక్ చేసినాక కూడా కాసేపు లోపల మేలుకొనే ఉంటాయి, నిద్రపోనీ” అని టీ తెప్పించారు. టీ అయ్యాక, స్టీరింగ్ కింద ఫ్యూజు బాక్సు మూత తీసి, ప్యాడ్‌కు వెళ్లే లైనులో మీటరు పెట్టి చూపించారు. 80 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.08 ఆంపియర్. ఇంతేనా అనిపించింది. ఆయన కాగితం మీద లెక్క వేశారు: పది రోజులంటే 240 గంటలు, దాన్ని 0.08తో గుణిస్తే 19.2 ఆంపియర్-అవర్లు. మా చిన్న బ్యాటరీ మీద రాసి ఉన్నది, అంటే నిండా నింపితే అందులో పట్టేది, 35. సగానికి పైగా ఆ నీలం లైటూ, దాని వెనకున్న సర్క్యూటూ తాగేశాయి. మిగిలింది కారు తనలోనే ఉండే సిమ్ కార్డుతో నెట్‌లో ఊసులాడుకోవడానికి వాడుకుంది. గోటితో పోయేది గొడ్డలి దాకా రావడమంటే ఇదే.

తమాషా ఏమిటంటే, ప్యాడ్ పెట్టించినప్పుడు ఆఫీసులో అందరూ అడిగింది “రేంజ్ తగ్గదా?” అని. ప్యాడ్ గంటకు 20 వాట్-అవర్లు తీసుకుంటుంది అనుకుందాం. మా కారు కిలోమీటరుకు సుమారు 130 వాడుతుంది. గంటసేపు ఫోన్ ఛార్జ్ చేస్తే 150 మీటర్ల ప్రయాణం పోతుంది, అంతే. బండి నడిచేటప్పుడు దీనివల్ల ఏ నష్టమూ లేదు. అది పడుకున్నప్పుడే అసలు సంగతి.

ఆయన చేసిన పని అరగంటది. ప్యాడ్ కప్లర్‌ను డైరెక్ట్ లైన్లోంచి తీసేసి, కీ లైన్లో, అంటే కారు ఆఫ్ అయితే చచ్చిపోయే 12 వోల్టుల సాకెట్ ఫ్యూజు దగ్గర, ఫ్యూజ్ ట్యాప్ పెట్టారు, అంటే ఒక ఫ్యూజు అర నుంచే ఇంకో లైను తీసే చిన్న ముక్క. పాత ఫ్యూజు దాని అరలో దానికే ఉంది, ప్యాడ్‌కు విడిగా 3 ఆంపియర్ల ఫ్యూజు. 20 వాట్లను 12తో భాగిస్తే ఒకటిన్నర చిల్లర, కాబట్టి మూడు చాలు. వైర్లు సర్దుతూ, “పసుపు గొట్టంలో ఉన్నవి ఎయిర్‌బ్యాగువి, నారింజ రంగువి పెద్ద బ్యాటరీవి. ఎవడైనా ఆ రంగుల జోలికి పోతుంటే కారు వెనక్కి తీసుకొచ్చేయమ్మా” అన్నారు. మళ్లీ లాక్, మళ్లీ టీ, మళ్లీ మీటరు. సున్నా. మూడు వందలు తీసుకున్నారు. టీ డబ్బులు ఇవ్వనివ్వలేదు.

ఇప్పుడు ప్యాడ్ ఎలా ఉందంటే, బాగుంది గానీ మరీ అంత గొప్పగా లేదు. మధ్యాహ్నం ఎండలో మ్యాప్స్ పెట్టి బయల్దేరితే ఫోన్ వేడెక్కి ఛార్జింగ్ తనంతట తనే నెమ్మదిస్తుంది. ఏసీ గాలి అటు తిప్పితే కాస్త నయం. తొందరగా ఎక్కాలంటే వైరుకు సాటి లేదు, దూరప్రయాణాల్లో నేను ఇప్పటికీ వైరే పెడతాను. ఆఫీసుకు మాత్రం ఎక్కగానే ఫోన్ అక్కడ పడేసి మర్చిపోవడం హాయిగా ఉంది. ఫోన్ వెనక వేలు దూర్చి పట్టుకోవడానికి అతికించుకున్న రింగు పీకేశాను, దాంతో ప్యాడ్‌కూ ఫోన్‌కూ మధ్య దూరం తగ్గింది.

ఉగాదికి మళ్లీ తొమ్మిది రోజులు ఒంగోలు. బస్సులో కూర్చున్నాక కూడా, కారులో లైటేమైనా వెలుగుతోందేమో చూడమని వాచ్‌మన్‌కు ఫోన్ చేశాను. లేదన్నాడు. తిరిగొచ్చిన రాత్రే, సామాను పైకి చేర్చకముందే బేస్‌మెంట్‌కు వెళ్లాను. మా ఆయన లిఫ్టు దగ్గర సూట్‌కేసు పట్టుకుని నిలబడ్డారు. డోరు తీసి, బ్రేకు తొక్కి, బటన్ నొక్కాను.

టక్.

“అయిందా పూజ?” అన్నారాయన.