ఆ ఆదివారం నేను స్కూటర్ ఎందుకు తీయలేదు

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. సైకాలజీ ఒక సబ్జెక్టు. పోయిన పరీక్షలప్పుడు రాత్రి పన్నెండింటికి పైకి చదువుతుంటే, పక్క గదిలో పడుకున్న నా చెవిన ఒక ముక్క పడింది. గదిలోకి పొగ వస్తున్నా కుర్రాళ్లు లేవకుండా కాగితాలు నింపుకుంటూ కూర్చున్నారట. లేచి వెళ్లి, "ఏదీ, ఆ ముక్క మళ్లీ చదువు" అన్నాను. "పొద్దున్నే పరీక్ష, నీకెందుకు నాన్నా ఇప్పుడు" అని విసుక్కుంది. పరీక్షలయ్యాక ఆ పుస్తకం నేనే పట్టుకెళ్లి, షెడ్డులో మధ్యాహ్నం అన్నం తిన్నాక రోజూ నాలుగు పేజీలు చదివాను.

ఎందుకంటే ఆ కుర్రాళ్లలో నేనూ ఒకణ్ణి. వాళ్ల గదిలోకి పొగ వచ్చింది, మా సందులోకి నీళ్లొచ్చాయి.

మేముండేది విజయవాడలో, సింగ్‌నగర్ దాటాక పాయకాపురం వైపు, మొదటి అంతస్తులో అద్దెకి. నా పని ఆటోనగర్‌లో, లారీలకి కమాను కట్టలు వేసే షెడ్డులో లెక్కలు రాయడం. 2024 ఆగస్టు 31 శనివారం పగలంతా, రాత్రంతా ఒకటే వాన. ఆదివారం ఆరింటికి లేచేసరికి పాలూ రాలేదు, పేపరూ రాలేదు. పిట్టగోడ మీంచి వంగి చూస్తే సందులో నీళ్లు.

వాన నీళ్లయితే పల్లానికి పోతాయి. ఇవి పోవడం లేదు. సైడు కాలువలోంచి పైకి ఉబుకుతున్నాయి, అదీ మట్టి రంగులో. బుడమేరు వాగుని బెజవాడ దుఃఖదాయిని అంటారని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. కాబట్టి తెలియక మోసపోయానని అనడానికి నాకు వీల్లేదు. నేను చూశాను. చూసి, లుంగీ ఎగ్గట్టుకుని గేటు దగ్గరికి దిగాను.

అప్పటికే అక్కడ అయిదారుగురు ఉన్నారు. ఎదురింటి బాబాయ్ గారు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డారు. కిరాణా కొట్టు అబ్బాయి గొడుగు వేసుకుని ఫోన్లో వీడియో తీస్తున్నాడు. "ఎప్పుడూ వచ్చేవేగా, తొమ్మిదింటికల్లా తీసేస్తాయి" అన్నారొకరు. "ఇవాళ మటన్‌కి పడవేసుకుని వెళ్లాలి" అన్నారు ఇంకొకరు. అందరం నవ్వాం. ఆ తర్వాత మా సందులోకి నిజంగానే పడవ వచ్చింది, మటన్‌తో కాదు, పులిహోర పొట్లాలతో.

ఎదురింటి ప్రహరీకి ప్లాస్టింగ్ లేదు. నేను దాని ఇటుకలు లెక్కపెడుతూ నిలబడ్డాను. ఆరున్నరకి నీళ్లు రెండో వరుస మీద ఉన్నాయి. ఏడుంబావుకి మూడోది మునిగి, నాలుగో వరుస అంచు తడుస్తోంది. ఇటుక చూడటం, తలెత్తి బాబాయ్ గారి మొహం చూడటం, మళ్లీ ఇటుక చూడటం. ఆయన తాపీగా టీ తాగుతున్నారు. నా స్కూటర్ మెట్ల కింద ఉంది. ఆర్నెల్ల క్రితమే ఇంజిన్ చేయించాను. ఇద్దరం పట్టుకుంటే మెట్ల మలుపు దాకా ఎక్కించేయొచ్చు, రెండు నిమిషాల పని. కానీ ఒకళ్లని పిలవాలి. పిలిస్తే, ఇక్కడ భయపడ్డవాణ్ణి నేనొక్కణ్ణేనని చెప్పుకున్నట్టే. పిలవలేదు.

ఇది జరిగిన ఎన్నో నెలలకి, సంక్రాంతి వెళ్లాక అనుకుంటా, బాబాయ్ గారూ నేనూ అరుగు మీద కూర్చుని ఉండగా ఆ పొద్దుటి మాట వచ్చింది. ఆయన అన్న మాట నాకింకా చెవిలో ఉంది: "నేను నీ మొహం చూసే ధైర్యంగా ఉన్నానయ్యా. ఆటోనగర్‌లో చేసేవాడు, బళ్ల సంగతి తెలిసినవాడు, తన బండే కదపట్లేదంటే ఏమీ ఉండదనుకున్నా."

ఆయన నన్ను చూస్తున్నారు, నేను ఆయన్ని చూస్తున్నాను. నీళ్లు మాత్రం ఎవరినీ చూడకుండా పైకొచ్చాయి.

ఇప్పుడు పొగ సంగతి చెబుతాను. 1968లో బిబ్ లాటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అచ్చువేసిన ప్రయోగం అది. కొలంబియా విశ్వవిద్యాలయం కుర్రాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టి ఫారాలు నింపమన్నారు. కాసేపటికి గోడలో ఉన్న చిన్న కంతలోంచి తెల్లటి పొగ వదిలారు. ఒంటరిగా కూర్చున్న 24 మందిలో 18 మంది లేచి వెళ్లి బయట చెప్పారు. అదే గదిలో, పొగ వచ్చినా భుజాలెగరేసి రాసుకుంటూ పోయే ఇద్దరు నాటకం మనుషుల్ని పక్కన కూర్చోబెడితే, 10 మందిలో ఒక్కడే లేచాడు. మిగతా తొమ్మిది మంది దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, చేత్తో పొగ తోసుకుంటూ రాశారు. ఆరు నిమిషాలు చూసి పరిశోధకులే ఆపేశారు.

నన్ను పట్టేసింది ఆ తర్వాత వాళ్లు చెప్పిన సంజాయిషీలు. ఆవిరి అనుకున్నానని ఒకడు, ఏసీలోంచి ఏదో వస్తోందనుకున్నానని ఇంకొకడు. ఇద్దరైతే, మేం ఫారంలో అబద్ధాలు రాయకుండా నిజం చెప్పించే గ్యాస్ వదిలారనుకున్నాం అన్నారట! నవ్వొచ్చింది గానీ, 'తొమ్మిదింటికల్లా తీసేస్తాయి' అనడం కంటే అది ఎంత దూరం? ఇంకొకటి. పక్కవాళ్లని చూసి ఊరుకున్నారా అని అడిగితే, వాళ్ల ప్రభావం మామీద ఏమీ లేదనే చెప్పారు. నన్నూ ఆ సోమవారం ఎవరైనా అడిగి ఉంటే అదే చెప్పేవాణ్ణి. నీళ్లు అంత వస్తాయని ఎవరనుకుంటారండీ అని.

ఈ ఇద్దరు పరిశోధకులనీ కదిలించింది 1964లో న్యూయార్కులో జరిగిన కిట్టీ జెనోవీస్ హత్య. 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఊరుకున్నారని అప్పట్లో పత్రికలో వచ్చింది. అది చాలా మటుకు నిజం కాదని తర్వాత తేలింది. మొదటి నుంచి చివరిదాకా చూసినవాళ్లు అంతమంది లేరు, పొరుగునున్న ఒకావిడ దిగి వచ్చి ఆమెని ఒళ్లో పెట్టుకుంది కూడా. మా అమ్మాయి పుస్తకంలో మాత్రం ఆ 38 మందీ ఇంకా కిటికీల దగ్గరే ఉన్నారు. పది మందీ చెప్పేది నిజమనుకోవడం గురించి చెప్పే పాఠంలోనే ఇలా ఉంటే ఏమనాలి!

మా సందులోకి వస్తాను. నీళ్లు అయిదో ఇటుక దగ్గర ఉండగా, మా కింద వాటాలో ఉండే మామ్మగారు బయటికొచ్చారు. డెబ్భై దాటిన మనిషి. ఎవరితోనూ ఏమీ అనలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని, బియ్యం డబ్బా రెండు చేతులా ఎత్తి పొట్టకానించుకుని, మెట్లెక్కడం మొదలుపెట్టారు. మూడో మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకుని, "ఏం నాయనా, చూస్తావేం, గ్యాస్ బండ పట్రా" అన్నారు నన్ను. 2005లో ఇలాగే చూస్తూ నిలబడితే బియ్యం, పెళ్లి పట్టుచీరలు, మనవడి సర్టిఫికెట్లు అన్నీ పోయాయని తర్వాత చెప్పారు.

అంతే. అరక్షణంలో అందరం భయపడిపోయాం. అప్పటిదాకా జోకులేసుకున్న మనుషులం ఇన్వర్టర్లు, బండలు, కుక్కర్లు, పిల్లల పుస్తకాలు పట్టుకుని మెట్ల మీద ఒకర్నొకరు తోసుకున్నాం. ఆ భయం ఎక్కడి నుంచో కొత్తగా వచ్చింది కాదు. అందరి దగ్గరా ఆరింటి నుంచీ ఉన్నదే.

పై వాటా కుర్రాడి కారుని ఎత్తు మీదికి తోద్దామని ఆరుగురం వెనక చేరాం. కదల్లేదు. ఎవరో "హైలెస్సా" అన్నాక కదిలింది. ఫ్రాన్స్‌లో రింగెల్మన్ అనే వ్యవసాయ ఇంజినీరు ఇలాంటి లెక్కే తీశాడట. తాడు లాగించి చూస్తే, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి బలం సగానికి పడిపోయింది. ఒకే క్షణంలో లాగకపోవడం వల్ల కొంత. కానీ తర్వాత 1974లో కళ్లకి గంతలు కట్టి, వెనక ఇంకా మనుషులున్నారని చెప్పి ఒక్కణ్ణే లాగించినా తక్కువే లాగాడు. ఆ కారు వెనక నేను ఎంత బలం పెట్టానో నాకు తెలుసు, అది ఇక్కడ రాయను. కారు దక్కింది. నా స్కూటర్ దగ్గరికి వచ్చేసరికి సీటు మీద నీళ్లు ఆడుతున్నాయి.

మామ్మగారి గురించి ఆలోచిస్తుంటే ఆ పుస్తకంలోనే సోలమన్ యాష్ ప్రయోగం కనబడింది. 1950ల్లో అమెరికాలో ఆయన కుర్రాళ్లకి ఒక గీత చూపించి, దానితో సమానమైన గీత పక్కనున్న మూడింట్లో ఏదో చెప్పమన్నాడు. చంటిపిల్లాడు కూడా చెప్పేస్తాడు. అయితే గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని వచ్చినవాళ్లు, 18 సార్లలో 12 సార్లు అందరూ కలిసి ఒకే తప్పు చెబుతారు. అప్పుడు ఆ ఒక్కడూ నూటికి 37 సార్లు వాళ్లతో పాటు తప్పే చెప్పాడు. పావు వంతు మంది మాత్రం చివరిదాకా ఒక్కసారి కూడా లొంగలేదు, అదీ గుర్తుపెట్టుకోవాల్సిందే. గుంపులో ఒకే ఒక్కడు సరైన జవాబు చెబితే చాలు, ఆ తప్పులు నాలుగో వంతుకి పడిపోయాయి.

ఒక్కరు చాలు. మా సందుకి బియ్యం డబ్బా పట్టుకున్న ఒక్క మామ్మగారు సరిపోయారు.

ఒక తేడా ఉందనుకోండి. యాష్ గదిలో గీత కళ్ల ముందే ఉంది, జవాబు తెలుసు, పదిమందిలో వేరుగా కనబడటానికి జంకారు. మా దగ్గర నీళ్లు ఎంత వస్తాయో ఎవరికీ ఖాయంగా తెలియదు, అందుకని పక్కవాణ్ణి చూశాం. తెలియక పక్కవాణ్ణి అనుసరించడం ఒకటి, వెలివేసినట్టు చూస్తారని అనుసరించడం ఇంకొకటి అని 1955లోనే డాయిచ్, జెరార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు విడదీసి చెప్పారు. నా సంగతైతే పన్నెండణాలు సిగ్గు, నాలుగణాలు తెలియకపోవడం. మా ఆవిడ నడిగితే పదహారణాలూ సిగ్గే అంటుంది.

ఆ తర్వాతి రోజులు టీవీలో అందరూ చూసినవే. బుడమేరుకి గండ్లు పడ్డాయి. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో ఎప్పుడూ లేనంత వచ్చింది. డ్రోన్లతో పొట్లాలు జారవిడిచారు. మా డాబా మీద మూడు కుటుంబాలు, ఒక కుక్క. ఉన్న పాలు ఎవరికని ఎవరూ ఓటు వేయలేదు, చంటిదానికి వెళ్లిపోయాయి. గుంపులో పడితే మనిషికి బుద్ధి నశిస్తుందని 1895లో ల బాన్ అనే ఫ్రెంచి ఆయన పుస్తకమే రాశాడు. ఆపదల్లో మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించిన క్వారంటెల్లీ మాత్రం, అందరూ అనుకునేంతగా జనం వెర్రెత్తి పరిగెత్తరని, ఎక్కువమంది ఒకరికొకరు సాయపడతారని చెప్పాడు. నేను చూసినంతలో క్వారంటెల్లీదే నిజం. మా గుంపు నీళ్లు వచ్చాక బాగానే ఉంది. వచ్చేముందే పనికిరాకుండా పోయింది.

స్కూటర్ మళ్లీ ఇంజిన్ విప్పి చేయించాను. ఆటోనగర్‌లో ఉన్నాను కాబట్టి తక్కువలో పోయింది.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి పదిన్నరకి వాన గట్టిగా పట్టుకుంది. సైడు కాలువ కేసి టార్చి వేసి చూశాను. నీళ్లు ఇంకా కిందే ఉన్నాయి. అయినా దిగి స్కూటర్ స్టాండు తీసి మెట్ల వైపు తిప్పాను. కిరాణా అబ్బాయి కిటికీలోంచి, "ఏంటి అన్నయ్యా, బుడమేరు గానీ వస్తోందా?" అని అరిచాడు.

"అబ్బే, ఏం లేదు, ఊరికే. కింద కడుగుదామని" అన్నాను. రాత్రి పదిన్నరకి, జోరు వానలో, కడగడం!

ఎదురింటి తలుపు తెరుచుకుంది. బాబాయ్ గారు తల మీద తువ్వాలు వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని సందు దాటి వచ్చారు. ఏమీ అడగలేదు. వెనక హ్యాండిల్ పట్టుకుని "ఊ" అన్నారు. ఇద్దరం మలుపు దాకా ఎక్కించాం. దిగి చూస్తే కిరాణా అబ్బాయి తన బండి మా గేటులోకి తోసుకొస్తున్నాడు, వాడి వెనక ఇంకొకరు.

అరగంటలో వాన ఆగిపోయింది. బళ్లు మాత్రం ఎవరూ దించలేదు. పొద్దున్నే పాలబ్బాయి మెట్లకి అడ్డంగా ఉన్న నాలుగు బళ్లు చూసి, కిందనే నిలబడి కేకేశాడు.