స్టీల్ వాచీ కింద దురద: తప్పు స్టీలుదేనా?

వాచీ పెట్టుకున్నచోట దురద మొదలవగానే చాలామంది "నాకు స్టీలు పడదు" అని తేల్చేసి, వాచీని బీరువాలో పెట్టేస్తారు. ఆ తీర్పు చాలాసార్లు తప్పు. చెమట, సబ్బు, మురికి, బిగుతు వల్ల వచ్చే మంట వేరు, స్టీలులోనూ పూతల్లోనూ ఉండే నికెల్ అనే లోహం పడక వచ్చే అలర్జీ వేరు. మొదటిది కడిగితే పోతుంది, రెండోది ఆ లోహం చర్మానికి తగలకుండా చేస్తేనే తగ్గుతుంది.

తేడా తెలియాలంటే ముందు మచ్చ ఎక్కడుందో చూడండి. చైన్ తగిలే మేర చుట్టూతా ఎర్రబడి, వాచీ తీసిన కాసేపటికే మంట తగ్గుముఖం పడితే అది చెమట పని. అలాకాకుండా వెనక మూత ఆకారంలో గుండ్రంగానో, మణికట్టు లోపలివైపు లాక్ కిందో మాత్రమే దురద పుట్టి, చిన్న నీటిపొక్కులు లేచి, తరవాత పొలుసులు రాలితే నికెల్‌ని అనుమానించాలి. నికెల్ అలర్జీ వెంటనే బయటపడదు, ఒకటి రెండు రోజులు తీసుకుంటుంది. ఆదివారం పెళ్లికి పెట్టుకున్న వాచీకి మంగళవారం దురద వస్తే, ఆ రోజు తిన్న వంకాయ కూరని తప్పుపట్టేది అందుకే. ఇమిటేషన్ దిద్దులకి చెవి పుండవడం, జీన్స్ బొత్తాం తగిలేచోట బొడ్డు కింద మచ్చ ఉంటే అనుమానం మరింత బలపడుతుంది.

ఇక లోహం సంగతి. మంచి వాచీల్లో వాడే 316ఎల్ అనే రకం స్టీలులో నికెల్ 10 శాతం పైనే ఉంటుంది. అయినా చాలామందికి ఏమీ కాదు, ఎందుకంటే పైనున్న పలచటి క్రోమియం ఆక్సైడు పొర నికెల్‌ని బయటికి రానివ్వదు. 904ఎల్ రకంలో నికెల్ 23 శాతానికి పైనే, అదీ ఇంతే. లెక్కలోకి వచ్చేది లోపల ఎంత ఉందన్నది కాదు, చెమటలోకి ఎంత ఊరుతోందన్నది. యూరప్ చట్టం కూడా దీన్నే కొలుస్తుంది: చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువు నుంచి చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాముకి మించి నికెల్ విడుదల కాకూడదు.

అసలు ప్రమాదం పూత వాచీలది. ఇత్తడి కేసుకి క్రోమ్ పూసినా, బంగారు పూత వేసినా దానికింద సాధారణంగా నికెల్ పొర ఉంటుంది. కొమ్ముల (కేసుకి చైన్ బిగించే కొసల) దగ్గర, అంచుల్లో పూత అరిగి లోపలి ఇత్తడి తేలిందంటే నికెల్ నేరుగా చెమటకి దొరుకుతున్నట్టే. వెనకాల "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని చెక్కి ఉంటే ఆ మూత ఒక్కటే స్టీలని అర్థం, కేసు సంగతి ఆ మాట చెప్పదు. లాక్, బకెల్, పిన్నులు చౌకరకం లోహంతో చేయడమూ మామూలే.

సందేహం తీర్చుకోవడానికి డైమిథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణం ఉన్న నికెల్ టెస్ట్ కిట్ దొరుకుతుంది. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన లోహం మీద ఆ చుక్కలు వేసిన దూదిపుల్లతో అర నిమిషం రుద్దాలి. దూది గులాబీ రంగుకి తిరిగితే నికెల్ ఊరుతోంది. మూత, లాక్, బకెల్ విడివిడిగా పరీక్షించండి, చాలాసార్లు దొంగ లాక్ దగ్గరే దొరుకుతాడు.

కడగడం తేలికే గానీ సగంసగం చేస్తే లాభం లేదు. పిన్ టూల్‌తో (పిన్నులు తీసే చిన్న పనిముట్టుతో) చైన్ విప్పండి. వాచీ తలని (డయల్ ఉన్న భాగాన్ని) నీళ్లలో ముంచొద్దు, నీటిని తట్టుకునే లోతు 30 మీటర్లని రాసినా అది చేతులు కడుక్కునేటప్పుడు పడే తుంపరలకే. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చైన్‌ని 10 నిమిషాలు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో లింకుల సందులు తోమండి. నల్లగా ఊడొచ్చేది చెమట, చచ్చిన చర్మం, సబ్బు కలిసిన ముద్ద. సబ్బు మిగలకుండా కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే బిగించాలి. చింతపండు, నిమ్మకాయ, బ్లీచ్ మాత్రం వద్దు. పులుపు పూతని తినేస్తుంది, బ్లీచ్ స్టీలుకే గుంటలు పెడుతుంది. ఎండాకాలం మణికట్టు ఉబ్బుతుంది కాబట్టి చిటికెనవేలు దూరేంత వదులుంచండి.

మచ్చ మానేదాకా వాచీ తీసేయండి. చేయి మారిస్తే అలర్జీ ఆ చేతికీ వస్తుంది. చల్లటి తడిగుడ్డ రోజుకి రెండు మూడుసార్లు పది నిమిషాలు, తరవాత పెట్రోలియం జెల్లీ. దురద భరించలేకపోతే 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము పలచగా రోజుకి రెండుసార్లు, వారం దాటకుండా. మెడికల్ షాపువాళ్లు చేతికిచ్చే స్టీరాయిడ్, ఫంగస్, యాంటీబయాటిక్ మందులన్నీ కలిపిన క్రీము జోలికి పోవద్దు. చర్మం పలచబడుతుంది, అది ఫంగస్ వల్ల వచ్చిన తామర అయితే ముదిరి గుర్తుపట్టడానికి కూడా లేకుండా పోతుంది. పసుపు, వేపాకు ముద్ద పచ్చి పొక్కుల మీద వద్దు.

వాచీ వదల్లేనివాళ్లకి మంచి దారి నాటో రకం నైలాన్ స్ట్రాప్. అది మూత కింద నుంచి వెళ్తుంది కాబట్టి లోహానికీ చర్మానికీ మధ్య గుడ్డ అడ్డుంటుంది. కొనేముందు కొమ్ముల మధ్య దూరం స్కేలుతో కొలవండి, సాధారణంగా 18, 20 లేదా 22 మిల్లీమీటర్లు. తోలు బెల్టు అందరికీ సరిపడదు, క్రోమియంతో పదును చేసిన తోలుకీ కొందరికి అలర్జీ వస్తుంది. రబ్బరులో కలిపే రసాయనాలతోనూ అదే గొడవ. మూతకి రంగులేని గోళ్ల పాలిష్ రెండు పూతలు వేయడం తాత్కాలికం, చెమటకి కొన్ని రోజుల్లోనే పెచ్చులూడుతుంది. కొత్తగా కొనేట్టయితే టైటానియం మేలు, గ్రేడ్ 2లో గానీ గ్రేడ్ 5లో గానీ నికెల్ కలపరు. లాక్ కూడా టైటానియమేనా అని అడగండి.

నీరు కారడం, పసుపు పెచ్చు కట్టడం, వాపు పాకడం కనిపిస్తే, లేదా వాచీ తీసి రెండు వారాలైనా తగ్గకపోతే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. వాళ్లు వీపుమీద ప్యాచ్ టెస్ట్ చేస్తారు, అంటే అలర్జీ తెప్పించే పదార్థాలున్న పట్టీలు అంటిస్తారు. పట్టీలు 48 గంటలు తడవకుండా ఉంచాలి, తీశాక ఒకసారి, మళ్లీ ఒకటి రెండు రోజులకి ఇంకోసారి చూస్తారు. వెళ్లేటప్పుడు వాచీతోపాటు పడని దిద్దులు, దురద ఎక్కువగా ఉన్నప్పుడు తీసిన ఫొటో కూడా పట్టుకెళ్లండి.