ఏరు ఎక్కుతుంటే నా డబ్బా దిగింది

రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చాను. ప్యాంటుకి అంటిన మున్నేరు బురద ఇంకా ఆరలేదు. కోపమూ ఆరలేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

వర్షమాపకాలు, ఏటి నీటిమట్టం కొలిచే సెన్సర్లు బిగించి డేటా లాగర్‌కి, అంటే రీడింగులు రాసుకుని సిమ్ ద్వారా సర్వర్‌కి పంపే డబ్బాకి, కలపడం నా పని. కాంట్రాక్టు ఉద్యోగం. ఎనిమిదేళ్లలో నలభైకి పైగా స్టేషన్లు నిలబెట్టాను, ఒక్కటి కూడా గాలికి ఒరగలేదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచాక, ఆ ఏటి మీద పని అంటే ఒళ్లు దగ్గర పెట్టుకునే చేస్తాను. సరిగ్గా అక్కడే పరువు పోయింది.

స్తంభం పాతడం, సోలార్ ప్యానెల్‌ని దక్షిణానికి తిప్పడం, 12 వోల్టుల బ్యాటరీ కలపడం ఒక పూటలో అయిపోయాయి. సిమ్‌కి మాత్రం పదకొండు రోజులు పట్టింది. మెషిన్లకిచ్చే సిమ్‌లకి 13 అంకెల నంబరుంటుంది. కౌంటర్లో అబ్బాయి "పది అంకెలే ఉండాలి సార్, మీరు తప్పు రాసుకొచ్చారు" అని నాకే పాఠం చెప్పాడు.

వర్షమాపకం ఇబ్బంది పెట్టలేదు. మూతి వ్యాసం 200 మిల్లీమీటర్లు, లోపలి బకెట్ అర మిల్లీమీటరు వానకి ఒకసారి తిరగబడుతుంది. అంటే దాదాపు 15.7 మిల్లీలీటర్లు. సీసా మూతకి సన్నటి బెజ్జం పెట్టి అరలీటరు నీళ్లు నిదానంగా వదిలితే బకెట్ 31, 32 సార్లు తిరగబడాలి. నాకు 31 వచ్చింది. ఈ పరీక్ష సర్వర్‌కి కలపకముందే చేసుకోండి. నేను కలిపాక చేశాను, మండుటెండలో 15.5 మిల్లీమీటర్ల వాన కురిసినట్టు రికార్డయింది. గడియారం కూడా చూసుకోండి. మన వాన లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు. లాగర్ గడియారం యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ సమయంలో) ఉంటే అది 3:00 అవుతుంది.

ఇక అసలు కథ. వంతెన రెయిలింగ్‌కి రాడార్ సెన్సర్ బిగించాం. అది నీళ్లు తన కింద ఎంత దూరంలో ఉన్నాయో చెబుతుంది. ఆ రోజు 9.40 మీటర్లు చూపింది. వంతెన స్తంభం మీద గీసిన నీటిమట్టం గేజీ 1.10 మీటర్లు ఉంది. ఇంతలో ఆఫీసు నుంచి ఫోను: "రెండు రీడింగులూ కలిసినట్టు ఒక్క ఫొటో పంపండి, బిల్లు పెట్టాలి." లాగర్లో ఆఫ్‌సెట్ (రీడింగుకి కలిపే అంకె) గడిలో మైనస్ 8.30 కొట్టాను. తెర మీద 1.10 వచ్చింది. ఫొటో తీసి పంపి భోజనానికి పోయాను. పక్క గడిలో మల్టిప్లయర్ (రీడింగుని గుణించే అంకె) 1 అనే ఉంది. అది మైనస్ 1 ఉండాలి, ఏరు ఎక్కితే సెన్సర్‌కి దూరం తగ్గుతుంది కదా.

మూడు వారాలు ఎవరికీ అనుమానం రాలేదు. ఏట్లో నీళ్లు రెండు సెంటీమీటర్లు తగ్గితే లాగర్ రెండు పెంచి చూపింది, అంతే తేడా. నిన్న ఎగువన వాన పడింది. పొద్దున్నే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి ఫోను: "ఏమయ్యా, మున్నేట్లో నీళ్లు సున్నా కంటే కిందున్నాయా?" గేజీ 2.60, లాగర్ మైనస్ 0.40. మూడు మీటర్లకి పెట్టిన అలారం ఆ లెక్కన జన్మలో మోగదు.

వానలో రెండు గంటలు కుస్తీ పట్టాను. కేబుల్ మార్చాను, లాగర్ ఆపి మళ్లీ వేశాను, సెన్సర్ పోయిందని కంపెనీని తిట్టాను. వంతెన మీద జనం మూగారు. గొడుగు పట్టుకుని నిలబడ్డ లస్కర్ (ఏటి గేజీ చదివే ఉద్యోగి), మా నాన్న వయసుంటుంది, మెల్లగా అన్నాడు: "సారూ, నేను పది పాయింట్లు పైకి చదివితే మీ డబ్బా పది కిందికి చదువుతుంది. ఎంత ఎక్కుతుందో అంతే దిగుతుంది. అద్దంలో చూసినట్టుంది కదా?"

తల కొట్టేసినట్టయింది. మల్టిప్లయర్ మైనస్ 1, ఆఫ్‌సెట్ 10.50 పెట్టాను, 2.60 వచ్చి కూర్చుంది. పాత డేటా పాడవలేదు. 2.20 లోంచి పాత అంకె తీసేస్తే అసలు మట్టం వస్తుంది. అది నేనే కనిపెట్టాను, ఆ గొప్పైనా నాకు మిగలనివ్వండి.

లాగర్లొచ్చాక లస్కర్లెందుకని మీటింగుల్లో మాట్లాడేవాళ్లని ఆ వాన్లో ఒక గంట నిలబెట్టాలి.

మీరెవరైనా ఈ పని చేస్తుంటే ఒక్క మట్టం దగ్గర కలిసిందని వదిలేయకండి. వెడల్పాటి ఇనపరేకుని తాడుతో సెన్సర్ కిందికి దించి, నీళ్లకి రెండు మీటర్ల పైన ఆపండి. రీడింగ్ రెండు మీటర్లు పెరగాలి. ఐదు నిమిషాల పని.

సాయంత్రం ఆఫీసుకి చెప్పాను, సరిచేశానని. సరే, రెండూ కలిసినట్టు ఒక ఫొటో పంపమన్నారు.